ఆలస్యంగా గెంతే ముసలాయన

చోడవరం
3-2-2024

ఒరే ఫణీ,

ఈ అక్షరాలు చూసి జడుసుకోకు. నేనే రాస్తున్నాను, కుడిచేత్తోనే. ముప్పై ఏళ్లుగా పిల్లల నోటుబుక్కుల మీద ఎర్రసిరాతో “దస్తూరీ బాగుచేసుకో” అని రాసిన దాన్ని. ఇప్పుడు నా కాగితం మీద ఎవరు రాస్తారో చూడాలి.

ఫిజియోథెరపీ చేయడానికి మాడుగుల నుంచి కీర్తి అనే అమ్మాయి వస్తోంది. రోజుకో పేజీ చేత్తో రాయమంది. “ఏటి రాయమంటావే?” అంటే, “మీకేటి తోస్తే అది రాయండి మేడమ్. గీత తప్పితే తప్పనీండి, మానకండంతే” అంది. రెండు రోజులు ఎక్కాలు రాశాను. మూడోరోజుకి నా మీద నాకే విసుగొచ్చింది. అందుకని ఈ బాధ నీకు తగిలిస్తున్నాను. ఒక్క షరతు. నువ్వు కూడా చేత్తోనే రాసి పోస్టులో పంపాలి. ఫోన్ చేశావంటే నీతో కబుర్లు చెప్పేసి పేజీ ఎగ్గొడతాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వు చేసినా ఎత్తను.

అక్టోబరులో వచ్చిన పక్షవాతం మాటనీ మూతినీ కాలినీ వదిలేసి ఈ ఒక్క చేతినే పట్టుకుంది. జూన్‌లో బడి తెరిచేనాటికి బోర్డు మీద రాయగలిగితే వెళ్తాను. లేకపోతే వీఆరెస్ తీసుకుని ముందే రిటైరవుతాను. ఆ కాగితం తెచ్చి టీవీ కింద పెట్టారు మీ బావ. “తొందరేటీ లేదే” అంటారు, అడక్కుండా తెచ్చింది మాత్రం ఆయనే.

నువ్వు పంపిన సబ్బుపెట్టె అంత కంప్యూటరు చేరింది. దాన్ని టీవీకి తగిలించి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద లైట్‌హౌస్ ఆట కనబడేసరికి కళ్లు చెమ్మగిల్లాయిరా. వైజాగ్ ఎగ్జిబిషన్‌లో రేకుల షెడ్డు, రూపాయి వేస్తే ఆడే ఆ పెద్ద మిషను, నా పక్కన ముక్కు చీదుకుంటూ నువ్వు. నూనెడబ్బా పట్టుకున్న ముసలాయన అంతస్తులు ఎక్కాలి, పీతల్ని దాటాలి, కదిలే పలకల మీద గెంతాలి, పైకెళ్లి దీపం వెలిగించాలి. మొదటిరోజే వెలిగించేశాను! మీ బావ వార్తలు మానుకుని చూశారు. “ఏటే, ఆ ముసలాడికి ఇంట్లో ఎవరూ లేరేటి, నువ్వు ఆపేదాకా మెట్లెక్కుతూనే ఉన్నాడు?” అన్నారు.

ఒక్కటే అనుమానం. పీతలు కాస్త మగతగా ఉన్నాయేం? ఎండ దెబ్బ తగిలినట్టు నడుస్తున్నాయి.

పేజీ నిండింది, బతికిపోయావు.
మీ అక్క, వరహాలక్ష్మి

పూణే
12-2-2024

అక్కా,

నీ ఉత్తరం చూసి మా ప్రజ్ఞ “నాన్నా, ఇది ఏ భాష?” అంది. తెలుగే, మా అక్క తెలుగు అని చెప్పాను. తప్పుబట్టకు, పూణేలో పుట్టిన పిల్ల. నా చేతిరాత చూసి నువ్వూ అదే అడుగుతావని భయంగా ఉంది. లిఫ్టులకి ప్రోగ్రాములు రాసేవాడిని, పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో.

మొదటిరోజే దీపం వెలిగించావా! నేను అనుకున్నదే. పీతల సంగతంటావా, నీ చిన్నప్పటి స్కూలు కంప్యూటర్లో ఆ ఆట అలాగే ఉండేది, కాస్త నిదానం. నువ్వు పట్టించుకోకు.

ఆ పెట్టెలో మూడు రకాలు పెట్టాను. నీకు తెలుసో లేదో, ఎగ్జిబిషన్ మిషన్‌లో ఆట పెద్దది. దాన్ని ఇళ్లలో వాడే చిన్న కంప్యూటర్లలోకి కుదించాలంటే ఒక్కోదానికీ వేరేవేరే మనుషులు మళ్లీ మొదటినుంచీ రాసేవారు. మూడిళ్లలో పులిహోర లాంటిదనుకో. పేరొక్కటే, చింతపండూ కారమూ ఎవరి లెక్క వాళ్లది. నువ్వు ఆడింది మీ స్కూలు కంప్యూటర్‌ది. రెండోది రొట్టె ఆకారంలో ఉండే కంప్యూటర్‌ది, దానికి సంగీతం బాగుంటుంది. మూడోది దాసు మావయ్య ఓడ ఉద్యోగంలో ఉన్నప్పుడు తెచ్చాడే, రబ్బరు మీటలది, అది.

మిగతా రెండూ ఇప్పుడే ముట్టుకోకు. మొదటిదే రోజూ ఆడు. చేతికి అదే మంచిది.

బావ గారికి నమస్కారాలు. వీఆరెస్ కాగితం ఆయన చేతే ఎక్కడైనా దాయించెయ్.
నీ తమ్ముడు, ఫణి

చోడవరం
21-2-2024

ఫణీ,

ముట్టుకోకు అంటే ముట్టుకోకుండా ఉండే మనిషినా నేను? నీకు మతి ఉందా? రొట్టెది పెట్టాను. ఆ సంగీతం ఎంత బాగుందిరా! మీ బావ స్నానానికెళ్లి కూడా అదే కూనిరాగం. కానీ ముసలాయన్ని మరీ బొద్దుగా చేశారు, నూనెడబ్బా ఏదో బొజ్జ ఏదో తెలియదు. పలకలు వెడల్పు. కళ్లు మూసుకుని గెంతినా పడడు. చూసి రాసే పరీక్షలా ఉంది, అందరూ పాసే.

ఇకపోతే మా స్కూలుది నిదానమని రాశావు. ఎవరికి చెబుతున్నావు? ల్యాబులో మేడం గారు అటు తిరగ్గానే మేం ఆడింది ఆ ఆటే. పీతలు పరిగెత్తేవి. ఎగ్జిబిషన్ మిషనుకన్నా అదే జోరు. నీకు వయసు మీద పడి మరుపొస్తోందా, నాకా?

రేపు రబ్బరు మీటలది పెడతాను. ఆ రోజుల్లో మావయ్య నిన్నొక్కడినే ముట్టుకోనిచ్చేవాడు, నాకేమో పదో తరగతి పరీక్షలని అడ్డం. నువ్వేమో వీధిలో కుర్రాళ్లందరికీ “అచ్చం ఎగ్జిబిషన్‌లోదేరా, సూదంత తేడా లేదు” అని డప్పు కొట్టుకున్నావు. నా కుళ్లంతా ఇప్పుడు తీర్చుకుంటాను. చేతికి అసలైన పరీక్ష అదే అవుతుంది.

కీర్తి ఇవాళ హల్వా తెచ్చింది. కుడిచేత్తో స్పూను పట్టుకుని తినమంది. అలాంటి వైద్యమైతే ఎన్నాళ్లయినా చేయించుకుంటాను.
అక్క

చోడవరం
28-2-2024

ఫణీ,

కార్డే రాస్తున్నాను, పేజీ రాసే ఓపిక లేదు.

మూడో అంతస్తు దాటలేకపోతున్నాను. పలక దగ్గరకొచ్చిన క్షణానే గెంతాలని అనుకుంటాను, వేలు పెడతాను, ఆ ముసలాయన మాత్రం పలక వెళ్లిపోయాక గెంతి నీళ్లలో పడుతున్నాడు. నా బుర్ర చెప్పింది వేలికి చేరేసరికి ఆలస్యమైపోతోందన్న మాట. వారమంతా అంతే. కీర్తికి చెప్పలేదు. మీ బావ అడిగితే బాగానే ఉందన్నాను.
అక్క

పూణే
6-3-2024

అక్కా,

కార్డు చూశాను. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

అక్కా, ఆ ఆటలో మూడో అంతస్తు కూడా కష్టమవుతోందంటే ఇక చేతిని వేధించకు. నువ్వు ఇంతకాలం చెప్పిన పాఠాలు చాలు. చోడవరం చుట్టుపక్కల ఏ ఆఫీసుకెళ్లినా నీ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు ఒకడు లేచి నిలబడతాడు. బావ గారు తెచ్చిన కాగితం గురించి నేను వెటకారం చేశాను కానీ, ఆయన చెప్పిందే సరైనదేమో. విశ్రాంతి తీసుకో. ఆట కూడా మానెయ్, పెట్టె కట్టేసి అటక మీద పెట్టించు.

చేయి రాకపోతే ఏమైంది? నువ్వు నువ్వే. మే నెలలో నేనూ ప్రజ్ఞా వస్తాం.
ఫణి

చోడవరం
13-3-2024

చిరంజీవి ఫణికి,

నీ ఉత్తరం అందింది. ఓసారి చదివి మడిచేశాను.

లోకమంతా వద్దన్నా నువ్వొక్కడివి “నీకేమే, ఆడు” అంటావనుకున్నాను. ఎగ్జిబిషన్‌లో పెద్దపెద్ద కుర్రాళ్లు ఆడపిల్లకి మిషనేమిటని నవ్వితే, నాలుగో అంతస్తు వరకూ నా లంగా అంచు పట్టుకుని “మా అక్క ఎక్కేస్తాదిరా, సూడండి” అని అరిచినవాడివి నువ్వే. ఆ ఫణే విశ్రాంతి తీసుకోమని రాశాక, ఇంక నేను ఎవరితో వాదించను?

నువ్వు డాక్టరు కాకపోయినా ఇలాంటివి నీకే బాగా తెలుస్తాయి. మీట నొక్కడానికీ లిఫ్టు కదలడానికీ మధ్య ఎంత జాగా ఉండాలో చూసుకునే ఉద్యోగం నీది. నా చేతిలో ఆ జాగా ఎక్కువైందని నువ్వూ ఒప్పుకున్నావు. మొదటి రెండు తేలిక రకాల్లో నెగ్గి, అసలైన ఆ రబ్బరు మీటలదాంట్లో రోజూ ఓడిపోతుంటే ఎన్నాళ్లని సర్దిచెప్పుకోను? తేలిక లెక్క వచ్చినవాడు పాసు, కష్టం లెక్క వచ్చినవాడు ఫస్టు. నేను పిల్లలకి చెప్పేమాటే.

కాగితం మీద సంతకం పెట్టాను. సంతకం కూడా నాది కానట్టుంది. ఈ నెలాఖరున స్కూలుకి పంపిస్తాను. మీ బావ చూసి, కాగితం మళ్లీ టీవీ కింద పెట్టారు. వంటింట్లోకెళ్లి ఆయనే టీ పెట్టుకున్నారు, నాకూ తెచ్చారు.

మే నెలలో రండి. పిల్లకి ఎండ పడుతుందో లేదో చూసుకో.
ఆశీస్సులతో,
అక్క

పూణే
18-3-2024
(స్పీడ్ పోస్టు)

అక్కా,

పంపకు! ఆ కాగితం పంపకు. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. బావ గారికి చేస్తే, “ఉత్తరమే రాయమంటందయ్యా, నన్నేటి చెయ్యమంటావు? అదేదో ఇవాళే రాసి పడెయ్” అని పెట్టేశారు. అందుకే ఆఫీసు మానేసి రాస్తున్నాను.

రెండు విషయాలు. మొదటిది నువ్వు తిట్టాల్సింది. నువ్వు మొదటిరోజు దీపం వెలిగించిన స్కూలు ఆటని నేను మార్చాను. పంపేముందు పీతల వేగం సగానికి తగ్గించాను, పలకలు కాసేపు ఆగేలా చేశాను. నువ్వు మొదట్లోనే పడిపోతే ఆ పెట్టె మళ్లీ తెరవవని భయమేసింది. అది నిదానమని రాసింది అబద్ధం. అది ఎప్పుడూ జోరే. మిగతావి ముట్టుకోవద్దన్నది కూడా అందుకే, వాటిని మార్చే తీరిక దొరకలేదు.

రెండోది. మూడో అంతస్తు దాటలేకపోతున్నానని నువ్వు కార్డులో రాసినప్పుడు, నేను ఆ మెత్తబరిచిన స్కూలు ఆట గురించే అనుకున్నాను. అంత తేలిక చేసినా పడుతోందంటే చేయి నిజంగానే పోయిందనుకుని, ఏడ్చుకుంటూ విశ్రాంతి తీసుకోమని రాశాను. రబ్బరు మీటలది పెడతానన్న నీ ఫిబ్రవరి ఉత్తరం పోస్టులో ఎక్కడో తిరిగి ఈ ఉత్తరంతోపాటే చేరింది, నువ్వు ఆడింది అదని అప్పుడే తెలిసింది.

అక్కా, ఆ రబ్బరు మీటల ఆటలో ముసలాయన అందరికీ ఆలస్యంగానే గెంతుతాడు! దాన్ని రాసినవాళ్లు హడావుడిగా రాశారు. మీట నొక్కిన సంగతి ఆట వెంటనే చూసుకోదు. ముందు పీతల్నీ పలకల్నీ కదిపి, బొమ్మలు గీసి, అప్పుడు తీరిగ్గా చూస్తుంది. నేను ఆ వేసవంతా అక్కడే పడ్డాను. నాకు ఆడటం రాదనుకున్నాను తప్ప ఆటని అనుమానించలేదు. కుర్రాళ్ల దగ్గర సూదంత తేడా లేదని గొప్పలు పోయింది, మన మావయ్యది కదా అని. ఆ గొప్పల్ని ఇన్నేళ్ల తరవాత కూడా నువ్వు నమ్ముతావని నాకేం తెలుసు?

నీ వేలు ఆలస్యం కాలేదు. దయచేసి నమ్ము.
ఫణి

చోడవరం
25-3-2024

ఒరే ఫణీ,

చెంప పగలగొట్టేదాన్ని, పూణేలో ఉన్నావు కాబట్టి సరిపోయింది.

నేను గెలిస్తే ఆటని నువ్వు మార్చావట. నేను ఓడిపోతే ఆటే మంచిది కాదట. ఇంక నా చెయ్యి చేసిందేమిట్రా మధ్యలో? ఒకసారి నన్ను ఊరడించడానికి అబద్ధమాడినవాడు రెండోసారి నిజం చెబుతున్నాడని ఎలా నమ్మను? నన్ను చిన్నపిల్లని చేశావు. పరీక్షలో కాపీ కొట్టించి, పాసయ్యావు తల్లీ అని చప్పట్లు కొట్టినట్టుంది. పక్షవాతం వచ్చినప్పుడు కూడా నాకింత సిగ్గు వెయ్యలేదు.

రెండు రోజులు నీ మీద కోపంతో పెట్టె తెరవలేదు. మూడోరోజు కూర్చుని ఆలోచించాను. నిన్ను నమ్మక్కర్లేదు. లెక్కల టీచర్ని, రుజువు నేనే చేసుకుంటాను.

నాకు ఎడంచెయ్యి ఉంది కదా. దానికి ఏ జబ్బూ లేదు. ఆ పలక దగ్గర ముసలాయన్ని నిలబెట్టి ఉంచితే నడవక్కర్లేదు, సమయానికి ఒక్క మీట నొక్కితే చాలు. ముందు రొట్టె ఆట పెట్టాను. ఎడంచేత్తో నొక్కాను, దాటాడు. తరవాత రబ్బరు మీటల ఆట పెట్టి, మళ్లీ ఎడంచేత్తోనే నొక్కాను. పడ్డాడు. మళ్లీ నొక్కాను. పడ్డాడు. కుడిచేత్తో ఎక్కడ పడేవాడో అక్కడే, ఆ నీళ్లలోనే.

నమ్మకం చాలక మీ బావని పిలిచాను. “నాకేటి తెలుసే ఇవి?” అంటూనే మీట నొక్కారు. పడ్డాడు. ఆయన మళ్లీ నొక్కారు. “ఏటే, సెప్పిన మాట ఇంటాడా ఈడు? సెవుడేటి?” అన్నారు. ఆయన ఉద్రేకం వస్తేనే అలా మాట్లాడతారు, నీకు తెలుసు కదా. నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి వెళ్లిపోయాను. ఆయన కంగారుపడి టీవీ కట్టేశారు. మళ్లీ పెట్టించాను.

అప్పుడు ఇంకోటి చూశాను. పలక దగ్గరకొచ్చాక కాదు, ఇంకా జానెడు దూరం ఉండగానే నొక్కితే? ఎడంచేత్తో చేశాను, దాటాడు. ఇక కుడిచేత్తో. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి దాటాడు ఫణీ. నా వేలే నొక్కింది, నేననుకున్నప్పుడే నొక్కింది.

చెయ్యి పూర్తిగా బాగైపోయిందనను. పెన్ను ఇప్పటికీ జారుతోంది, ఈ పేజీయే సాక్ష్యం. కానీ ఎంత ఉందో ఇప్పుడు నాకు తెలిసింది. ఎవరూ పెంచకుండా, ఎవరూ తగ్గించకుండా తెలిసింది. నాకు కావలసింది అదేరా.

సంతకం పెట్టిన కాగితం మీ బావ చింపుతానన్నారు. నేనే చింపాను, రెండు చేతులూ వేసి.

మా స్కూలు ఆట ఎలా ఉండేదో అలాగే నాకు పంపు. పీత ఒక్క అడుగు నిదానంగా వేసినా పట్టుకుంటాను.
కోపం సగం తగ్గిన
అక్క

పూణే
2-4-2024

అక్కా,

మూడుసార్లు చదివాను. ప్రజ్ఞకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నాను. “అత్త నిన్ను తిడితే నువ్వెందుకు ఏడుస్తున్నావ్?” అంది.

నిన్ను చిన్నపిల్లని చెయ్యాలనుకోలేదు. నాకు భయమేసింది, అంతే. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నువ్వు ఓడిపోవడం నేను చూడలేదు. చూసి తట్టుకోలేననుకున్నాను. నీ కోసం చేశాననుకున్నది నా కోసమే చేశాను.

నీ స్కూలు ఆట ఎక్కించిన కొత్త మెమరీ కార్డు పంపుతున్నాను. నేను ఏమీ మార్చలేదు. పీతలు చాలా జోరుగా ఉన్నాయి, నేనే రెండో అంతస్తు దాటలేకపోయాను. నిన్ను హెచ్చరించడం లేదు, చెబుతున్నానంతే.
తమ్ముడు

చోడవరం
16-6-2024

ఒరే ఫణీ,

మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ప్రజ్ఞ ఆడినంతసేపూ మీ బావ పక్కనే కూర్చున్నారు కదా, ఇప్పుడు వార్తలు పెట్టుకుని కూడా పీతల గురించే మాట్లాడుతున్నారు. ఆ అసలు ఆటలో నేను రెండో అంతస్తులోనే కొట్టుకుంటున్నాను. చుట్టూ చూసి ఎవరూ లేకపోతే పీతల్ని తిడుతున్నాను కూడా.

బడి తెరిచారు. వెళ్లాను.

తొమ్మిదో తరగతి. చాక్‌పీస్ పట్టుకుని వెనక్కి తిరిగాను. నాలుగు వరసలు బాగానే వచ్చాయి. అయిదో వరసకి చెయ్యి కిందికి జారడం మొదలుపెట్టింది, అంకెలు దిగజారిపోతున్నాయి. వెనక గుసగుసలు. అలా తిరిగే నిలబడిపోయాను. ఏదో ఒకటి చెప్పి స్టాఫ్‌రూమ్‌కి వెళ్లిపోదామా అనుకున్నాను.

ముందు బెంచీలో వడ్డాది నుంచి కొత్తగా చేరిన గుంట ఒకత్తి ఉంది. “టీచరుగారండీ, సెయ్యి నొప్పెడతందాండీ?” అని అడిగేసింది. పక్కపిల్ల దాని కాలు తొక్కడం నేను చూశాను.

అక్టోబరు నుంచీ ఎవరడిగినా నేను “బాగానే ఉంది” అనే అంటున్నాను. కీర్తితో, హెడ్‌మాస్టరుతో, మీ బావతో, చివరికి రాత్రి నాతో నేను కూడా.

“నొప్పిగానే ఉందమ్మా” అన్నాను. “నాకు పక్షవాతం వచ్చింది. ఈ చెయ్యి ఇంకా సరిగ్గా రాలేదు. నాలుగు వరసలయ్యాక ఇలాగే జారుతుంది. కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది. మీరు ఆగగలరా?”

“ఆగుతామండీ” అన్నారు, క్లాసంతా.

కుర్చీలో కూర్చున్నాను. ఎవ్వరూ కదల్లేదు. తరవాత లేచి, అయిదో వరస చెరిపేసి మళ్లీ రాశాను. గంట కొట్టేవరకూ పాఠం చెప్పాను.
మీ అక్క,
వరహాలక్ష్మి